షిఫ్టు మధ్య విరామం, చివర క్లీనింగ్ టైమ్: యూనియన్ ఒప్పందంలో ఎలా రాయించుకోవాలి?

వేతన ఒప్పందం అనగానే అందరి దృష్టీ బేసిక్ ఎంత పెరిగింది, డీఏ ఎంత వచ్చింది అన్నదాని మీదే ఉంటుంది. టీ బ్రేక్, షిఫ్టు చివర మెషీన్ తుడిచి చేతులు కడుక్కునే టైమ్ లాంటివి ‘ఎలాగూ ఉన్నవే కదా’ అని వదిలేస్తారు. మేనేజర్ మారినా, గేటు దగ్గర కొత్త బయోమెట్రిక్ పెట్టినా, ఆర్డర్లు ఎక్కువైనా ముందు పోయేవి ఆ నిమిషాలే. అందుకే ఈసారి డిమాండ్ల పత్రం తయారు చేసేటప్పుడు వీటికి విడిగా ఒక క్లాజు పెట్టండి.

ముందు మీ షాపులో ఏం జరుగుతోందో రాసి పెట్టుకోండి

చర్చలకు కూర్చోకముందే ఒక వారం పాటు ప్రతి సెక్షన్‌లో ఒకరు టైములు నోట్ చేయాలి. షిఫ్టు రెండింటికి అయిపోతుందనుకోండి. లేత్ మీద ఉన్న మనిషి ఎప్పుడు మెషీన్ ఆపుతున్నాడు? చిప్స్ తీసి ట్రేలో వేయడం, కూలెంట్ తుడవడం, గేజీలు, టూల్స్ లెక్క చూసి అప్పజెప్పడం, లాగ్‌బుక్‌లో ప్రొడక్షన్ రాయడం, తర్వాతి షిఫ్టు మనిషికి ‘ఈ ఇన్‌సర్ట్ అరిగింది, చూసుకో’ అని చెప్పడం, నూనె చేతులు కడుక్కోవడం, నడుచుకుంటూ వెళ్లి పంచ్ కొట్టడం. ఒక్కోదానికి ఎన్ని నిమిషాలు పడుతున్నాయో రాయండి. పంచ్ రెండు గంటల పది నిమిషాలకు పడుతుంటే, నెలకు 26 రోజుల మీద అది 260 నిమిషాలు. అంటే నాలుగు గంటల ఇరవై నిమిషాలు జీతం లేని పని. ‘మావాళ్లకు ఆలస్యమవుతోంది’ అంటే మేనేజ్‌మెంట్ విని ఊరుకుంటుంది. ఈ కాగితం టేబుల్ మీద పెడితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

చట్టం ఎంతవరకు ఇస్తోందో తెలుసుకోండి

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్ ప్రకారం కనీసం అరగంట విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదన్న నిబంధన ఉండేది. ప్రత్యేక అనుమతితో దాన్ని ఆరు గంటల దాకా పెంచుకునే వీలుండేది. ఆ అరగంటకు జీతం ఇవ్వాలని మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. టీ బ్రేక్ గురించీ లేదు. కాబట్టి ఆ రెండూ ఒప్పందంలోనే తేలాలి.

2025లో రెండు సంగతులు మారాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో రోజువారీ పరిమితిని 9 నుంచి 10 గంటలకు, విరామానికి ముందు పనిని 5 నుంచి 6 గంటలకు పెంచే సవరణకు పూనుకుంది. నవంబర్ 21న కేంద్రం ఫ్యాక్టరీల చట్టంతో సహా పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. సంతకం పెట్టే రోజుకు మీ రాష్ట్రంలో ఏ నిబంధన నడుస్తోందో లేబర్ లాయర్‌తో ఒకసారి చూపించుకోండి. చట్టం మారినా మీ విరామం తగ్గకుండా ఉండాలంటే గంటల లెక్కను నేరుగా ఒప్పందంలోనే రాయించాలి. ‘చట్టప్రకారం విరామం ఇవ్వబడును’ అన్న వాక్యానికి మాత్రం ఒప్పుకోవద్దు. చట్టం సడలిన రోజున మీ విరామమూ దాంతోపాటే పోతుంది.

క్లీనింగ్ విషయంలో మీ చేతిలో రెండు గట్టి వాదనలు ఉన్నాయి. చెత్త, మురికి రోజూ తీయించి ఫ్యాక్టరీని శుభ్రంగా ఉంచే బాధ్యతను పాత ఫ్యాక్టరీల చట్టం 11వ సెక్షన్ యాజమాన్యం మీదే పెట్టింది. ఆ పనిని కార్మికుడు చేస్తే అది డ్యూటీయే. రెండోది, బ్యాటరీల తయారీకి రాష్ట్రాల ఫ్యాక్టరీ రూల్స్‌లో ఉన్న ప్రత్యేక షెడ్యూల్. సీసం ఆక్సైడ్, పేస్టింగ్ పనిలో ఉన్నవారికి ప్రతి భోజనానికి ముందూ రోజు పని ముగిసే ముందూ కడుక్కోవడానికి కనీసం పది నిమిషాలు విడిగా ఇవ్వాలని అందులో ఉంది. అందరికీ సరిపడా బేసిన్లు ఉన్నచోట మినహాయింపు ఉంటుంది. అమెరికాలోనూ 1956లో సుప్రీంకోర్టు ఇలాంటి బ్యాటరీ ఫ్యాక్టరీ కేసులోనే బట్టలు మార్చుకుని స్నానం చేసే టైమ్‌కు జీతం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ సీసం ఒంటి మీద, బట్టల్లో ఇంటికి చేరితే పసిపిల్లల దాకా పోతుంది. రసాయనాలు, పురుగుమందులు, రంగుల యూనిట్లలో పని చేసేవాళ్లు ఈ క్లాజును ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకూడదు.

క్లాజు ఎలా రాయాలి?

‘షిఫ్టు చివర తగినంత సమయం ఇవ్వబడును’ అని రాస్తే ఆ ‘తగినంత’ ఎంతో సూపర్‌వైజరే తేలుస్తాడు. ఇలా రాయించండి:

“ప్రతి షిఫ్టు ముగింపు సమయానికి 10 నిమిషాల ముందు మెషీన్ ఆపబడును. ఈ సమయం మెషీన్, పని స్థలం శుభ్రపరచడానికి, టూల్స్ అప్పగించడానికి, చేతులు కడుక్కోవడానికి కేటాయించబడినది. ఇది జీతంతో కూడిన పని సమయం. షిఫ్టులో ఇచ్చే ఒక్కొక్కటి 10 నిమిషాల రెండు టీ విరామాలు, 30 నిమిషాల భోజన విరామం కూడా జీతంతో కూడినవే. విరామం క్యాంటీన్‌కు చేరిన సమయం నుంచి లెక్కించబడును.”

ఆఖరి వాక్యం చిన్నదే గానీ చాలా ముఖ్యం. క్యాంటీన్ నాలుగు నిమిషాల దూరంలో ఉంటే పది నిమిషాల విరామంలో టీ తాగడానికి మిగిలేది రెండు నిమిషాలే. ‘మెషీన్ ఆపబడును’ అన్న మాట కూడా తీసేయనివ్వవద్దు. తిరుగుతున్న మెషీన్‌ను హడావుడిగా తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ప్రతి పారిశ్రామికవాడలోనూ కనిపిస్తారు. బాత్రూమ్‌కు వెళ్లడాన్ని ఈ విరామాల్లో కలపనివ్వవద్దు. పసిబిడ్డ తల్లులకు బిడ్డ 15 నెలల వయసు వచ్చేదాకా చట్టం ఇచ్చే రెండు విరామాలూ వీటికి అదనమేనని ఒక వాక్యం చేర్చండి.

ప్రొడక్షన్ నార్మ్ చూసుకోండి

చాలా యూనియన్లు ఇక్కడే దెబ్బతింటున్నాయి. ఒక పేజీలో విరామాలు ఇస్తారు, ఇంకో పేజీలో నార్మ్ (షిఫ్టుకు ఇన్ని పీసులు తీయాలన్న లెక్క) మాత్రం పూర్తి 480 నిమిషాలకు కడతారు. లెక్క వేసి చూడండి. 480లో భోజనం 30, టీ 20, క్లీనింగ్ 10 తీసేస్తే మిగిలేది 420. ఒక పీసుకు మూడు నిమిషాలు పడితే 420 మీద నార్మ్ 140, 480 మీద 160. ఆ తేడా ఇరవై పీసులు ఎక్కడి నుంచి రావాలి? టీ మానేసి, మెషీన్ తుడవకుండా వదిలేసి తీయాలి. ఇన్సెంటివ్ పోతుందన్న టెన్షన్‌తో కార్మికుడే తన విరామాన్ని వదులుకుంటాడు. ‘బ్రేక్ ఇచ్చాం, వాళ్లే తీసుకోవడం లేదు’ అని మేనేజ్‌మెంట్ చెప్పేస్తుంది. అందుకే ‘ఉత్పత్తి నార్మ్ 420 నిమిషాల నికర సమయం ఆధారంగా నిర్ణయించబడినది’ అని ఆ పేజీలోనే అంకెతో సహా రాయించండి.

లైను ఆపకూడని చోట రిలీవర్ (బదులు నిలబడే మనిషి) లేకపోతే విరామం కాగితానికే పరిమితం. పన్నెండు మంది ఉన్న లైనులో రెండు టీలకు 240 నిమిషాలు, భోజనాలకు 360 నిమిషాలు, మొత్తం పది గంటల పనికి బదులు మనుషులు కావాలి. అంటే ఇద్దరు రిలీవర్లు. ఆ సంఖ్య కూడా క్లాజులో ఉండాలి.

సంతకం పెట్టే ముందు

నేరుగా యాజమాన్యంతో చేసుకునే ఒప్పందం దానిపై సంతకం పెట్టిన పక్షాలకే వర్తిస్తుంది. లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ (అధికారి సమక్షంలో రాజీ చర్చలు) ద్వారా చేసుకుంటే, పాత పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ నంబరుతో మనం అలవాటుగా 12(3) అంటామే, అది అక్కడి కార్మికులందరికీ, తర్వాత చేరేవారికీ వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో సెక్షన్ నంబర్లు మారాయి గానీ ఈ తేడా అలాగే ఉంది. వీలైతే రెండో దారే పట్టండి.

ఆఖరి పేజీని రెండుసార్లు చదవండి. ‘ఈ ఒప్పందంతో పాత వాడుకలన్నీ రద్దయినట్లే’ అన్న వాక్యం ఉంటే ఆపండి. పని గంటలు, విరామాలు మార్చాలన్నా, అలవాటుగా ఇస్తున్న సౌకర్యం తీసేయాలన్నా యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ ఉంది. ఒప్పందం ద్వారానే మార్పు జరిగితే ఆ నోటీసు అక్కర్లేదు. ఆ ఒక్క వాక్యంతో మీరే రక్షణ వదులుకున్నట్టవుతుంది. ‘ఇందులో ప్రస్తావించని ప్రస్తుత సౌకర్యాలు యథాతథంగా కొనసాగును’ అని మార్పించాకే పెన్ను పట్టుకోండి.

ఒప్పందం అయ్యాక ఆ క్లాజును తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టించండి. హిందీ, ఒడియా మాట్లాడే వలస కార్మికులు ఉంటే వాళ్ల భాషలోనూ పెట్టించండి. మొదటి మూడు నెలలు విరామం ఇవ్వని రోజును తేదీ, షిఫ్టు, సూపర్‌వైజర్ చెప్పిన కారణంతో సహా యూనియన్ పుస్తకంలో రాయండి. నెలాఖరున ఆ జాబితాను పర్సనల్ డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, స్టాంపు తీసుకోండి. లేబర్ ఆఫీసుకు ఫిర్యాదు చేయాల్సి వస్తే పిటిషన్‌తో జత చేయాల్సింది ఆ కాపీలే.