డచ్ కొట్టాన్ని చదవడం – 3వ పాఠం: దూలం చివరి నాలుక

అమెరికాలో స్థిరపడ్డ డచ్చివాళ్లు పంటకూ పశువులకూ కట్టుకున్నదే డచ్ కొట్టం. పోయిన రెండు పాఠాల్లో దాని బయటే తిరిగాం. పొట్టి పక్కగోడలు, వాటి మీదకు దిగిపోయే పెద్ద కప్పు, బండి నేరుగా లోపలికి పోయేలా త్రికోణపు గోడకు పెట్టిన జంట తలుపులు. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్, మోహాక్, స్కోహారీ లోయల్లోనో న్యూజెర్సీలోనో కారులో పోతూ కూడా గుర్తుపట్టడానికి ఇవి చాలు. ఈసారి లోపలికి పోదాం, అసలు చదువంతా అక్కడే ఉంది.

తలుపు దాటి నడిమధ్యన నిలబడండి. కాళ్ల కింద మందపాటి చెక్కల నేల, అదే కళ్లం. మనకు కళ్లం ఆరుబయట ఉంటుంది, అక్కడ చలికాలమంతా మంచు కాబట్టి కప్పు కిందికి తెచ్చుకున్నారు. గోధుమ పనలు ఇక్కడే పరిచి కర్రలతో కొట్టేవాళ్లు, రెండు చివర్లా తలుపులు తెరిస్తే దూసుకొచ్చే గాలికి తూర్పారబట్టేవాళ్లు. రెండు పక్కలా వసారాల్లో ఆవులు, గుర్రాలు కళ్లం వైపు తలలు పెట్టి నిలబడేవి, మేత ఇక్కడి నుంచే వేసేవాళ్లు.

ఇప్పుడు తలెత్తండి. రెండు స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా ఒక భారీ దూలం, అచ్చం ఇంగ్లీషు హెచ్ అక్షరంలా. అలాంటి హెచ్‌లు వరసగా నాలుగైదు నిలబెడితే కొట్టం అస్థిపంజరం తయారైనట్టే. మన పాకలో ఉండే నిట్రాడు ఇక్కడ లేదు, సాధారణంగా వెన్నుదూలం కూడా ఉండదు, వాసాలు జంటజంటగా శిఖరం దగ్గర ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. ఆ అడ్డ దూలాన్ని డచ్చిలో ఆంకర్‌బాల్క్ అంటారు, అంటే లంగరు దూలం. పేరు ఊరికే పెట్టలేదు. దూలాల మీద పొడవాటి కర్రలు పరిచి పనలన్నీ అక్కడే పేర్చేవాళ్లు, ఆ బరువు మోసేదీ ఇదే, స్తంభాలు పక్కలకు ఒరిగిపోకుండా పట్టి ఉంచేదీ ఇదే.

దగ్గరికి వెళ్లి దూలం చివర చూడండి. దూలం కుసి (బెజ్జంలో దూర్చడానికి సన్నగా చెక్కిన కొస) స్తంభంలోని బెజ్జం దాటి అవతలి వైపుకు, వసారాలోకి, జానెడు పైగా పొడుచుకొచ్చి ఉంటుంది, చాలాచోట్ల దాని కొసను నాలుకలా గుండ్రంగా చెక్కుతారు. నేను మొదటిసారి చూసినప్పుడు అలంకారం అనుకున్నాను. కాదు. ఆ నాలుకకు బెజ్జాలు వేసి చెక్క చీలలు దిగ్గొడతారు, చీల అవతల కాస్త కలప మిగలకపోతే కొస చీలిపోయి కీలు, అంటే దూలమూ స్తంభమూ కలిసే అతుకు, ఊడిపోతుంది. ఈ ఒక్క కీలు కనబడితే చాలు, ఇది ఇంగ్లీషు పద్ధతి కొట్టం కాదని చెప్పేయొచ్చు.

ఇంకో సంగతి. ఇక్కడి డచ్ వలస ప్రాంతం న్యూ నెదర్లాండ్ 1664లోనే ఇంగ్లీషు వాళ్ల చేతికి పోయింది, అయినా డచ్ కుటుంబాలూ, వాళ్ల పక్కన స్థిరపడ్డ జర్మన్ పాలటైన్‌లూ (జర్మనీలోని పాలటినేట్ ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్లు) ఇవే కొట్టాలను 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా కడుతూనే ఉన్నారు. జెండా మారినా వడ్రంగి చేయి మారలేదు. (మన మచిలీపట్నం, భీమిలిల్లో సమాధులు మిగిల్చి పోయిన డచ్చివాళ్లది ఈస్టిండియా కంపెనీ, ఇక్కడికొచ్చింది వెస్టిండియా కంపెనీ, దేశం మాత్రం ఒకటే.)

వయసు తేల్చడానికి మూడు చోట్ల వెతకండి. కీలు పక్కన ఉలితో గీసిన రోమన్ అంకెలు: ఏ కుసికి ఆ బెజ్జమే సరిపోయేలా చెక్కేవాళ్లు కాబట్టి జతలు కలవడానికి ఆ గుర్తులు వేసుకునేవాళ్లు, నాలుగుకు నాలుగు నిలువు గీతలే కనబడవచ్చు. తర్వాత మేకులు: కమ్మరి చేత్తో కొట్టినవా, మిషన్ మీద కోసినవా, తీగతో చేసినవా. ఆ తర్వాత కోత గుర్తులు: వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి రంపం వచ్చాక కోసిన చెక్క. స్కోహారీలో అయితే అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1780 అక్టోబరులో, బ్రిటిష్ పక్షం చేసిన దాడిలో లోయంతా తగలబెట్టారని మర్చిపోకండి, అక్కడ నిలిచి ఉన్నవాటిలో చాలా భాగం ఆ తర్వాత కట్టినవే.

ఖాళీ బెజ్జం కనబడితే మాత్రం అక్కడే ఆగండి. అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేది. 1825లో హడ్సన్ నదిని పడమటి ఈరీ సరస్సుతో కలిపే ఈరీ కాలువ తెరుచుకుని పడమటి గోధుమ చవగ్గా దిగడంతో ఇక్కడి రైతులు క్రమంగా పాడి వైపు మళ్లారు, గడ్డికి చోటు చాలక కొందరు లంగరు దూలాలనే కోసి పైకి జరిపారు, కొందరు పక్కగోడకు కొత్త తలుపులు పెట్టారు. ఆ మార్పులన్నీ కొట్టం చరిత్రే, మరమ్మతు పేరుతో చెరిపేయొద్దని నా గట్టి అభిప్రాయం. నాకు బాధ కలిగించేది వేరే: చాలా కొట్టాలను విప్పి ఎక్కడెక్కడికో తరలించి ఇళ్లుగా మార్చేశారు, అలా పోయినచోట కళ్లమూ ఉండదు, వసారాలూ ఉండవు. 1985లో డచ్ బార్న్ ప్రిజర్వేషన్ సొసైటీ ఏర్పడింది కూడా ఇలాంటి నష్టం చూసే.

న్యూయార్క్ రాష్ట్రం రోటర్‌డామ్ జంక్షన్‌లోని మేబీ ఫామ్‌కో, న్యూజెర్సీ పార్క్ రిడ్జ్‌లోని వోర్టెన్‌డైక్ కొట్టానికో వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే ఫోటో చాలు. ఒక్క హెచ్‌ని కాగితం మీద గీసి, కీలు ఎక్కడుందో, నాలుక ఎంత పొడుగుందో, ఖాళీ బెజ్జాలు ఎన్నో గుర్తుపెట్టండి. కప్పు కారే చోటు నుంచి నీళ్లు ఏ స్తంభం వెంట దిగుతాయో కూడా పెన్సిల్‌తో గీయండి. వచ్చే పాఠంలో ఆ గీత పట్టుకునే కిందికి, స్తంభాలు నిలబడ్డ అడుగు దూలం దగ్గరికి పోదాం, కుళ్లు మొదలయ్యేది అక్కడే.