భూమి భాటకాన్ని నాలుగు చీటీలతో నేర్పడం ఎలా

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు తెలుగువాళ్లు పదిమంది కలిస్తే ఇంటి అద్దె, పది నెలల అడ్వాన్స్, ఊళ్లో అమ్మిన ఎకరానికి ఇక్కడ ఎన్ని అడుగుల సైటు వస్తుందన్న లెక్క రాకమానవు. భూమికీ పేదరికానికీ ఉన్న సంబంధాన్ని సామాన్యులకు బోధించదలచినవారు ఆ మాటల దగ్గరే పాఠం మొదలుపెట్టాలి. నేను మొదటిసారి ఆంగ్ల ఆర్థికవేత్త రికార్డో 1817 నాటి భాటక సిద్ధాంతంతో (భాటకమంటే చోటును వాడుకున్నందుకు దాని యజమానికి చెల్లేది) ప్రారంభించి, పావుగంట తిరగకముందే సగంమందిని ఫోన్లలోకి తోలాను. సిద్ధాంతంలో లోపమేమీ లేదు. అప్పటికింకా ఎవరికీ పుట్టని ప్రశ్నకు నేను జవాబు చెప్పబోవడమే పొరపాటు.

ఆదివారం గంటన్నర సమయం, పన్నెండు పదిహేనుమంది మనుషులు చాలు. అద్దెకున్నవారితో పాటు సొంత ఇల్లున్నవారు కూడా ఉండాలి. పాలమూరు నుంచో అనంతపురం నుంచో వచ్చిన మేస్త్రీ ఒకరు కూర్చుంటే చర్చ గాలిలోకి పోదు. ముందుగా ఒక్కటే అడగండి: అదే మేస్త్రీ, అదే సిమెంటు, అదే ప్లానుతో నగర శివారు హొసకోటెలో ఒక ఇల్లు, నగరం లోపలి ఇందిరానగర్‌లో ఒక ఇల్లు కడితే కట్టుబడి ఖర్చులో పెద్ద తేడా ఉండదు కదా, మరి అద్దెలో అంత తేడా ఎందుకు వస్తుంది? ఆ తేడా గోడలది కాదు, చోటుది అన్న మాట వాళ్ల నోటి నుంచే రానివ్వాలి. ఇంటిని యజమాని తన డబ్బుతో కట్టించాడు. చోటుకు విలువ తెచ్చినవి మాత్రం రోడ్లు, నీళ్లు, ఉద్యోగాలు, చుట్టూ చేరిన జనం. వైట్‌ఫీల్డ్‌కు 2023లో మెట్రో వచ్చింది ప్రజాధనంతో. స్టేషను పక్కన ఖాళీ సైటున్నవారు దానికోసం ఒక్క ఇటుకా పేర్చనక్కరలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వచ్చినవారిలో చాలామందికి సైటు ఉంటుంది, లేనివారికి దానిమీద ఆశ ఉంటుంది. యజమానులను తిట్టినట్టు వినిపించిన క్షణం నుంచి మీరేం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కదు.

తరువాత చీటీలు తీయండి. ఈ పాఠానికి ప్రాణం ఇదే కనుక తొందరపడకూడదు. నాలుగు చీటీలు నాలుగు పొలాలు. ఒకే శ్రమకు వాటిలో వరుసగా 20, 15, 10, 5 బస్తాలు పండుతాయి. పొలానికి ఒక్క మనిషే. మొదటి రెండింటికీ యజమానులున్నారు, మిగిలినవి ఎవరివీ కావు. ముగ్గురు పనివాళ్లను లేపి నిలబెట్టండి. మూడోవాడు 10 బస్తాల పొలంలో సొంతంగా 10 పండించుకోగలడు కనుక ఎవరూ అంతకంటే తక్కువకు పనిచేయరు. ఎక్కువ అడిగితే ఆ మూడోవాణ్ణే పిలుచుకుంటారు కనుక ఏ యజమానీ ఎక్కువ ఇవ్వడు. అందువల్ల ముగ్గురికీ తలా 10 బస్తాలు మిగులుతాయి, యజమానులకు 10, 5 చొప్పున భాటకం వస్తుంది. మొత్తం పంట 45, అందులో కూలి 30, భాటకం 15.

ఇప్పుడు 15 బస్తాల చీటీని దాని యజమాని జేబులో పెట్టుకోమనండి. ధర పెరిగాక అమ్ముకుంటాడట, అంతదాకా కాంపౌండు గోడ కట్టి వదిలేశాడు. దానిని చూసి 10 బస్తాల పొలానికీ ఎవరో కంచె వేసి, తమదేనని భాటకానికి ఇచ్చారు. ఒక పనివాడు 20 బస్తాల పొలంలో, ఇంకొకడు ఈ 10 బస్తాల పొలంలో ఉంటారు. మూడోవాడు 5 బస్తాల పొలానికి పోక తప్పదు. కూలి అందరికీ 5కు పడిపోతుంది. పంట 35కు తగ్గుతుంది, అందులో కూలి 15 మాత్రమే, భాటకం మాత్రం 15 నుంచి 20కి పెరుగుతుంది. ఈ అంకెలను బోర్డుమీద రాసి కాసేపు మౌనంగా ఉండండి. పనివాళ్లలో ఎవరూ సోమరులు కాలేదు, వానలు తగ్గలేదు, జనాభా పెరగలేదు, అయినా వాళ్ల ఆదాయం సగమైంది. నేను ఈ ఆట ఆడించిన ప్రతిసారీ ఎవరో ఒకరు తమ వీధిలోని ఖాళీ సైటు పేరెత్తారు. నేను ఎత్తవలసిన అవసరం రాలేదు.

హెన్రీ జార్జ్ పేరు చెప్పడానికి ఇదే అదను. సంపద పెరిగేకొద్దీ పేదరికం ఎందుకు పోవడంలేదని 1879లో ఈ అమెరికన్ ఆర్థికవేత్త వేసిన ప్రశ్నకు ఇచ్చిన జవాబులో ఈ కంచె వేసిన భూమి ముఖ్యభాగం. అందుకు ఆయన చెప్పిన మందు చోటు విలువమీద పన్ను. ఆయన భావాలను నేర్పడానికే ఎలిజబెత్ మేగీ అనే అమెరికన్ మహిళ 1904లో ఒక బల్లమీది ఆటకు పేటెంటు పొందింది. పిల్లలు నేడు ఆడే మోనోపలీకి మూలం అదే. పన్ను మాట రాగానే రాయలసీమ పెద్దలుంటే శిస్తు సంగతి తప్పక తెస్తారు. దత్తమండలాల్లో కంపెనీ కాలపు కలెక్టరు థామస్ మన్రో పొలాలను కొలిపించి, నేలనుబట్టి శిస్తు కట్టించిన మాట నిజమే. ఆ భారం ఎక్కువైందని 1807లో తగ్గింపును సిఫారసు చేసినదీ ఆయనే. ఆ శిస్తు దున్నేవాడి చేతికష్టంలోంచి కూడా లాగింది, జార్జ్ కోరినది చోటు విలువలోంచి మాత్రమే తీసుకోవడం. ఈ తేడా చెప్పకపోతే పాఠం అడ్డం తిరుగుతుంది.

పన్ను వేస్తే దాన్ని అద్దెలో కలిపేస్తారు కదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మళ్లీ చీటీలకే వెళ్లండి. 15 బస్తాల పొలంమీద, దున్నినా దున్నకపోయినా, 5 బస్తాల పన్ను వేయండి. జేబులో దాచుకున్నవాడు ఏటా 5 బస్తాలు ఎదురు కట్టాలి కనుక చీటీ బయటికి తీస్తాడు. పొలం సాగులోకి వస్తే కూలి పెరుగుతుందే తప్ప తగ్గదు. అద్దెను నిర్ణయించేది యజమాని ఖర్చు కాదు, అద్దెకు దిగేవాడికి ఉన్న ప్రత్యామ్నాయం.

అన్ని పేదరికాలకూ భూమే కారణమని మాత్రం చెప్పవద్దు. ఆసుపత్రి అప్పు, వడ్డీ, తరతరాలుగా భూమి దక్కనివ్వని కులవ్యవస్థ ఈ చీటీల్లో పట్టవు. ఆ మాట మీరే ముందుగా ఒప్పుకుంటే మిగిలినదాన్ని నమ్ముతారు.

రెండో ఆదివారానికి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ వీధిలోని ఖాళీ సైట్లు లెక్కపెట్టుకొని రావాలని, పన్ను కట్టేవారు రసీదు వెంట తేవాలని చెప్పండి. నగరంలో 2024 నుంచి ఆస్తి పన్ను గైడెన్స్ వాల్యూ (ఆస్తికి ప్రభుత్వం నిర్ణయించే కనీస ధర) ఆధారంగా లెక్కిస్తున్నారు కనుక, ఇల్లున్న సైటు రసీదునూ ఖాళీ సైటు రసీదునూ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత కడుతోందో వాళ్లచేతనే బిగ్గరగా చదివించండి.