చెన్నైలో ఇల్లు కొనేముందు కాగితాలు ఇలా చూస్కోండి

మనవాళ్ళు చాలామంది అడ్వాన్స్ ఇచ్చేశాక కాగితాలు అడుగుతున్నారు, దయచేసి అలా చేయకండి. ముందు సర్వే నంబర్ తీస్కుని టీఎన్‌రెజినెట్‌లో (తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్) కనీసం 30 ఏళ్ళ ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయండి, అందులో ప్రతి అమ్మకం, ప్రతి తాకట్టు అమ్మేవాళ్ళిచ్చిన పేరెంట్ డాక్యుమెంట్లతో (పాత దస్తావేజులు) కలుస్తోందో లేదో డాక్యుమెంట్ నంబర్, సంవత్సరంతో సహా ఒక్కొక్కటే పోల్చుకోండి, మధ్యలో ఒక్క లింక్ తెగినా గట్టిగా అడగండి. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, వారసుల వాటాలు ఈసీలో కనపడవు, అందుకే ఓనర్ చనిపోయుంటే లీగల్ హైర్ సర్టిఫికెట్ (వారసుల ధ్రువపత్రం) చూసి, అందులో ఉన్నవాళ్ళందరి సంతకాలూ తీస్కోండి, పెళ్ళైన ఆడపిల్లలవి కూడా.

పట్టాలో (రెవెన్యూ శాఖ ఇచ్చే భూమి కాగితం) పేరు, విస్తీర్ణం సరిచూడండి. పోరంబోకు (ప్రభుత్వ భూమి) అనుంటే ఎంత చవకైనా వద్దు. ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) సముద్రం పక్కనైతే సీఆర్‌జెడ్ (తీరప్రాంత కట్టడాల నిబంధనలు), పళ్ళికరణై వైపైతే చిత్తడి నేల సంగతి, ఎక్కడైనా సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) ప్లాన్ చూడాల్సిందే. జిరాక్సులు చూసి డబ్బులివ్వకండి, తమిళ దస్తావేజులు చదవగలిగే లాయర్‌ని మీరే పెట్టుకోండి, బ్రోకర్ చెప్పినాయన్ని కాదు.