ఎఫ్‌టీపీ బ్యాకప్ విఫలమైతే ముందు లాగ్ తెరవండి

ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంపే పద్ధతి) ద్వారా పంపే బ్యాకప్ విఫలమైందని మెయిల్ రాగానే చాలామంది పాస్‌వర్డ్ మారుస్తారు, షెడ్యూల్ తీసేసి మళ్లీ పెడతారు, చివరికి సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. సాఫ్ట్‌వేర్ తను చేసిన పనంతా రాసుకునే లాగ్ మాత్రం తెరవరు. జవాబు చాలాసార్లు దాని చివరి పంక్తుల్లోనే, మూడంకెల కోడ్ రూపంలో ఉంటుంది. దయచేసి మొదట అది చదవండి.

530 కనిపిస్తే లాగిన్ కుదరలేదు. పాస్‌వర్డ్ మారి ఉంటుంది, లేదా ఖాతా గడువు తీరి ఉంటుంది. 550 వస్తే ఫోల్డర్ లేదు, లేదా అందులో రాసే అనుమతి లేదు. 552 అంటే కేటాయించిన చోటు నిండిపోయింది. పాత బ్యాకప్‌లను తొలగించే ఏర్పాటు లేనిచోట ఇది ఎప్పటికైనా తప్పదు. 425 వస్తే ఫైలు వెళ్లాల్సిన డేటా కనెక్షన్ తెరుచుకోలేదు. ఆ కనెక్షన్‌ను సర్వర్ కాకుండా మీ వైపు నుంచే తెరిచే ప్యాసివ్ మోడ్‌కు మార్చండి. సర్వర్ మీదే అయితే ప్యాసివ్ పోర్టుల పరిధిని నిర్ణయించి ఫైర్‌వాల్‌లో తెరవండి. ఆదేశాలు వెళ్లే 21వ పోర్టు ఒక్కటే తెరిస్తే లాగిన్ అవుతుంది, ఫైలు కదలదు.

చేత్తో నడిపితే పనిచేసి, లినక్స్‌లో పనులను వేళకు నడిపే క్రాన్‌లో ఆగిపోతోందా? దాని షెడ్యూల్ ఫైలైన క్రాన్‌టాబ్ పంక్తిలో తేదీ కోసం శాతం గుర్తు వాడారేమో చూడండి. క్రాన్ దాన్ని పంక్తి ముగింపుగా తీసుకుంటుంది, ఆదేశం అక్కడికే తెగిపోతుంది. గుర్తు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, లేదా ఆదేశాన్ని స్క్రిప్టులోకి మార్చండి.

ఇక అసలు దొంగ. చిన్న ఫైళ్లన్నీ వెళ్తాయి, ఫైళ్లన్నీ కలిపి కట్టిన పెద్ద ఆర్కైవ్ ఒక్కటే రోజూ విఫలమవుతుంది. లాగ్‌లో కోడ్ ఉండదు, టైమ్‌అవుట్ అని మాత్రమే ఉంటుంది. అవతలి సర్వర్‌లో చూస్తే ఫైలు పూర్తి సైజులో ఉంటుంది. నెలల తరబడి బాగా నడిచినది, ఎవరూ ఏమీ మార్చకుండానే ఒక రాత్రి నుంచి ఇలా మొదలవుతుంది.

దీని వెనక నేను రెండు వారాలు తిరిగాను. లైను వేగం చూశాను, డిస్కు చూశాను, సాఫ్ట్‌వేర్ మార్చాను. చివరికి రెండు వైపుల లాగ్‌లూ పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలిసింది. ఇవతల 2:11కు ఫైలు మొదలైంది, ఆ తర్వాత ఏమీ లేదు. అవతలి సర్వర్ మాత్రం 2:43కు ‘పూర్తయింది’ అని చెప్పే 226 కోడ్‌ను పంపింది. అది మాకు చేరలేదు.

ఎఫ్‌టీపీకి రెండు కనెక్షన్లు ఉంటాయి. ఆదేశాలు ఒకదానిలో, ఫైలు మరొకదానిలో వెళ్తాయి. ఫైలు వెళ్తున్నంతసేపూ ఆదేశాల కనెక్షన్ మౌనంగా ఉంటుంది. మధ్యలో ఉన్న రౌటర్ లేదా ఫైర్‌వాల్ దాన్ని వాడుకలో లేనిదనుకుని తన పట్టికలోంచి తీసేస్తుంది. మా రౌటర్‌లో ఆ గడువు 30 నిమిషాలు. ఆర్కైవ్ రోజురోజుకూ పెరుగుతూ, 29 నిమిషాల్లో వెళ్లేది 30 దాటింది. అంతే. 226 రాకపోవడంతో సాఫ్ట్‌వేర్ విఫలమని రాసుకుని, అదే ఫైలును మళ్లీ మొదటి నుంచి పంపేది.

కాబట్టి సైజు కంటే సమయం చూడండి. ఫలానా నిమిషాలు దాటినవే పోతున్నాయంటే కారణం ఇదే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో కీప్‌అలైవ్‌ను, అంటే మౌనంగా ఉన్న కనెక్షన్ బతికే ఉందని తెలిపే చిన్న సంకేతాన్ని, 60 సెకన్లకు పెట్టండి. లినక్స్‌లో మామూలుగా ఉండే విలువ 7200 సెకన్లు, అంటే 2 గంటలు. అంతలోపే రౌటర్ తన పని చేసేస్తుంది. లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో ఆ విలువ తగ్గించినంత మాత్రాన చాలదు, ప్రోగ్రామ్ కూడా కీప్‌అలైవ్ కోరాలి. ఆ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్ అయితే ఆర్కైవ్‌ను 1 జీబీ ముక్కలుగా కోసి పంపండి, ఒక్కో ముక్క గడువులోపే చేరిపోతుంది. వీలుంటే అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే వేరే పద్ధతి, ఎస్‌ఎఫ్‌టీపీకి మారండి. అందులో అన్నీ ఒకే కనెక్షన్‌లో నడుస్తాయి కాబట్టి ఈ బెడద ఉండదు, పాస్‌వర్డ్ కూడా బాహాటంగా ప్రయాణించదు.

అవతలి డిస్కు, 4 జీబీ మించిన ఫైలును పట్టలేని పాత ఫార్మాట్ ఫ్యాట్32 అయి అక్కడే ఆగిపోవడం, రెండు షెడ్యూళ్లు ఒకే ఫైలు మీద పడటం కూడా జరుగుతాయి, కానీ అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.