పాత నేల మీద చెక్క ఫ్లోరింగ్ వేయించే ముందు చెమ్మ సంగతి చూసుకోండి

పాత నేల పగలగొట్టకుండా దాని మీదే చెక్క ఫ్లోరింగ్ వేయించాలని అనుకుంటున్నారా? అయితే దసరాకి మొదలుపెట్టకండి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానే. ఆ మూడు నెలలూ మీ నేల ఎలాంటిదో పరీక్షించుకోవడానికి వాడుకోండి. పని మాత్రం సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి.

ఇది నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నది. 2021 మేలో మా కింది పడకగదిలో పాత మొజాయిక్ మీద 8 మిల్లీమీటర్ల లామినేట్, అంటే చెక్కపొడిని ఒత్తి చేసిన పలకలు, వేయించాము. పలకల అడుగున పరిచే మెత్తటి ఫోమ్ కింద పాలిథిన్ షీట్ కూడా వేయమంటే, "ఫోమ్ చాలు సార్, నేల పొడిగానే ఉంది కదా" అన్నారు పనివాళ్లు. పడమటి గాలికి తడిబట్ట గంటలో ఆరిపోయే రోజులవి. నాకూ నిజమే అనిపించింది. ఆ నవంబర్‌లో పెన్నా పొంగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. కానీ మా అమ్మ రోజూ అనేది, "ఈ గదిలో తడిసిన గోనెసంచి వాసన వస్తోందిరా" అని. డిసెంబర్‌కి మంచం పక్కన నేల ఉబ్బి పైకి లేచింది. గోడ అడుగున కొట్టిన స్కర్టింగ్ పట్టీ ఊడదీసి ఒక పలక ఎత్తి చూశాము. ఫోమ్ చేతికి అతుక్కుంటోంది. పలక అడుగున బూడిద రంగు బూజు చుక్కలు. అంచుని గోరుతో గీస్తే తడిసిన అట్టలా పొరలు పొరలుగా రాలింది.

భూమిలోని చెమ్మ సిమెంటు గుండా నెమ్మదిగా పైకి వస్తూనే ఉంటుంది. నేల తెరిచి ఉన్నప్పుడు అది గాలికి ఆరిపోతుంది కాబట్టి మన కంట పడదు. దాని మీద చెక్క పరిచామంటే మూత పెట్టినట్టే. "మాది చీమకుర్తి గ్రానైట్, చెమ్మ ఎక్కడిది?" అంటారు కొందరు. రాయిలోంచి రాకపోయినా అతుకుల్లోంచి వస్తుంది.

పరీక్ష తేలిక. బాగా వాన పడిన వారంలో మీటరు చదరం పాలిథిన్ ముక్కని నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో మూసేయండి. దాని కింద రెండు మూడు అతుకులైనా పడేలా చూడండి. గది మధ్యలో ఒకటి, బయటి గోడ మూలన ఒకటి, బాత్రూమ్ గోడ పక్కన ఒకటి పెట్టండి. రెండు రోజుల తర్వాత తీసి చూడండి. అడుగున నీటి బొట్లు కనిపించినా, నేల రంగు ముదిరినా ముందు కారణం వెతకండి. పైపు లీక్ కావచ్చు, బయట వీధి మట్టం మీ నేల కంటే ఎత్తు కావచ్చు. కారణం తేలకపోతే ఆ గదికి చెక్క వద్దు, ఎవరెంత చెప్పినా వద్దు. మేడ మీది గదులకి కింది నుంచి వచ్చే ఈ భయం ఉండదు. అక్కడ బాత్రూమ్ లీకులు చూసుకుంటే చాలు.

చెదల్ని తక్కువగా చూడకండి. గుమ్మాల దగ్గర, గోడ అంచుల్లో మట్టి గీతలు కనిపిస్తే ముందు మందు కొట్టించండి. గోడ, నేల కలిసేచోట వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూసేస్తారు. అది ఆరేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. చెక్క పరిచాక చెదలు పట్టినా పైకి కనిపించవు, తెలిసేసరికి సగం తినేసి ఉంటాయి.

తర్వాత నేలంతా నాణెంతో కొట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా మోగిన బండలు, కదిలేవి తీసి మళ్లీ అతికించాలి. రెండు మీటర్ల అల్యూమినియం పట్టీ ఆనించి చూస్తే కింద 3 మిల్లీమీటర్లకి మించి సందు ఉండకూడదు. ఉంటే లెవెలింగ్ సిమెంటుతో పూడ్పించండి. పలకా ఫోమూ కలిపి నేల 11 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి తలుపుల అడుగు ముందే కోయించాలి.

పని రోజున మీరు దగ్గరుండండి. పలకల ప్యాకెట్లు విప్పకుండా అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి. ఫోమ్ కింద 200 మైక్రాన్ల పాలిథిన్ షీట్ పరచాలి. ఒక షీట్ అంచు ఇంకోదాని మీదికి 20 సెంటీమీటర్లు ఎక్కాలి, అతుకు పొడవునా టేపు పడాలి. ఫోమ్‌కే షీట్ అతికించి వస్తే విడిగా అక్కర్లేదు. గోడల చుట్టూ, తలుపు ఫ్రేముల దగ్గర కూడా 10 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మా గదిలో అదీ వదల్లేదు. వానాకాలం చెమ్మకి చెక్క వెడల్పవుతుంది. జరగడానికి చోటు లేకపోతే మధ్యలో లేవక ఏం చేస్తుంది? ఆ ఖాళీని స్కర్టింగ్ కప్పేస్తుంది. స్కర్టింగ్ మేకులు గోడకే కొట్టాలి, పలకలకి కాదు. ఫ్లోరింగ్ మీద వార్డ్‌రోబ్‌ని బిగించకండి, కింద పలకలు జరగలేవు. పలకలు కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి, కోత బయట పెట్టించండి. తడి నేల మీద మాత్రం కట్టర్ ఆన్ చేయనివ్వకండి.

షీట్, ఖాళీ, ఈ రెండూ కొటేషన్ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఒక ప్యాకెట్ అదనంగా కొని అటక మీద దాచుకోండి. రెండేళ్లు పోతే అదే రంగు దొరుకుతుందన్న నమ్మకం లేదు.