ఇంటర్ లేకపోయినా యూకేలో యూనివర్సిటీ చదువు: యాక్సెస్ కోర్సుకి దరఖాస్తు ఎలా?

పెళ్లయి యూకే వచ్చి, పిల్లలు స్కూలు వయసుకొచ్చాక "ఇప్పుడు నర్సింగ్ చదవొచ్చా, నాకు ఇంటర్ కూడా పూర్తి కాలేదు" అని అడిగే మనవాళ్లు చాలామందే ఉన్నారు. చదవొచ్చు. ఇంగ్లండ్, వేల్స్ కాలేజీల్లో దానికోసమే యాక్సెస్ టు హయ్యర్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉంది, అందరూ యాక్సెస్ కోర్సు అనే అంటారు. చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దవాళ్లను యూనివర్సిటీకి తయారు చేయడమే దీని పని, పై వయసుకి పరిమితి లేదు. ఫుల్‌టైమ్ అయితే ఏడాది, పార్ట్‌టైమ్ అయితే మామూలుగా రెండేళ్లు.

ఇండియాలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మాత్రం కాస్త ఆగండి, మీలో చాలామందికి ఈ కోర్సే అవసరం రాదు. మీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే కాగితం యూకే ఎనిక్ (విదేశీ చదువుల్ని పోల్చి చెప్పే సంస్థ) దగ్గర తీసుకుని నేరుగా యూనివర్సిటీని అడగండి. సంబంధం ఉన్న డిగ్రీ ఉంటే నర్సింగ్‌లో రెండేళ్ల మాస్టర్సే చేయొచ్చు. అనవసరంగా ఒక ఏడాది, ఒక లోన్ ఎందుకు?

మిగతావాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, చివరి నుంచి మొదలుపెట్టండి. చాలామంది ఇంటి దగ్గర కాలేజీలో ఏ యాక్సెస్ కోర్సు దొరికితే అందులో చేరిపోయి, ఆ తర్వాత ఏ యూనివర్సిటీ తీసుకుంటుందా అని వెతుకుతారు. అలా కాదు. ముందు చేయాలనుకున్న డిగ్రీ, వెళ్లి రాగలిగే దూరంలో ఉన్న రెండు మూడు యూనివర్సిటీలు చూసుకుని అడ్మిషన్స్ వాళ్లకి ఈమెయిల్ పెట్టండి: ఏ యాక్సెస్ డిప్లొమా ఒప్పుకుంటారు, బయాలజీ లాంటి సబ్జెక్టులో ఇన్ని క్రెడిట్లు ఉండాలని ఏమైనా ఉందా, జీసీఎస్‌ఈ (ఇక్కడి టెన్త్ లాంటి పరీక్ష) ఇంగ్లిష్, మ్యాథ్స్ బదులు మా టెన్త్ మెమో నడుస్తుందా. ఈ మూడోదే అసలు చిక్కు. చాలా యూనివర్సిటీలు జీసీఎస్‌ఈలో గ్రేడ్ 4 అడుగుతాయి, మన స్టేట్ బోర్డు టెన్త్‌ని ఒకచోట ఒప్పుకుంటే ఇంకోచోట ఒప్పుకోరు. నోటిమాట నమ్మొద్దు, జవాబు రాతలో తీసుకోండి. జీసీఎస్‌ఈ రాయక తప్పదంటే ఇంగ్లండ్‌లో అర్హత ఉన్న పెద్దవాళ్లకి ఆ రెండు సబ్జెక్టులూ ఫీజు లేకుండానే చెప్తారు, కానీ యాక్సెస్‌తో పాటు లాగడం చాలా కష్టం, వీలైతే ముందు ఏడాదే పూర్తి చేసుకోండి.

తర్వాత కాలేజీ. ఇది అసలు యాక్సెస్ డిప్లొమానేనా అన్నది క్యూఏఏ (ఉన్నత విద్య నాణ్యత చూసే సంస్థ) గుర్తింపుని బట్టి తెలుస్తుంది, యాక్సెస్ టు హెచ్ఈ వెబ్‌సైట్‌లో కోర్సు పేరు కనపడాలి. ఆన్‌లైన్ ప్రకటనలు చూసి చేరేవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చూసుకోండి. అప్లికేషన్ కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆ తర్వాత ఇంగ్లిష్, మ్యాథ్స్‌లో చిన్న పరీక్ష, ఓ ఇంటర్వ్యూ పెడతారు. ఇంటర్వ్యూలో "మంచి ఉద్యోగం కోసం" అంటే సరిపోదు. కేర్‌హోమ్‌లో చేసిన షిఫ్టుల సంగతో, ఇంట్లో అత్తగారిని చూసుకున్న అనుభవమో, నిజంగా జరిగింది చెప్పండి.

పాస్‌పోర్ట్, ఈవీసా షేర్ కోడ్ (మీ వీసా హోదా ఆన్‌లైన్‌లో చూపించే కోడ్), అడ్రస్ ప్రూఫ్, మెమోలు దగ్గర పెట్టుకోండి. పేర్ల దగ్గర మనవాళ్లకి టెన్షన్ తప్పదు: మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో భర్త ఇంటిపేరు పూర్తిగా. మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చేయండి, ఫారాలన్నిట్లో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయండి.

ఫీజుకి ఇంగ్లండ్‌లో అడ్వాన్స్‌డ్ లెర్నర్ లోన్ ఉంది. కోర్సు మొదలయ్యే రోజుకి 19 నిండాలి. మన విషయంలో మామూలుగా ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి, అంతకుముందు మూడేళ్లు ఇక్కడే ఉండాలి, అంటే డిపెండెంట్ వీసా మీదున్నవాళ్లకు రాదనే అనుకోండి. మీ ఆదాయం చూడరు, క్రెడిట్ చెక్ ఉండదు. సీటు ఖాయమయ్యాక కాలేజీ ఒక లెటర్ ఇస్తుంది, అందులోని కోర్సు కోడ్, ఫీజు వివరాలతోనే లోన్‌కి అప్లై చేయాలి కాబట్టి ఆ లెటర్ లేకుండా ముందుకు వెళ్లలేరు. డబ్బు నేరుగా కాలేజీకి పోతుంది. ఇందులో మంచి సంగతేంటంటే తర్వాత డిగ్రీ పూర్తి చేస్తే ఈ యాక్సెస్ లోన్‌లో మిగిలిన బాకీ రద్దు చేస్తారు. డిగ్రీ మధ్యలో మానేస్తే మాత్రం రద్దు కాదు.

సెప్టెంబర్‌లో చేరగానే తీరిక ఉందనుకోకండి, చాలా కోర్సులకి యూకాస్ (యూనివర్సిటీలకి దరఖాస్తులు తీసుకునే సంస్థ) గడువు జనవరిలోనే, మెడిసిన్‌కి అక్టోబర్‌లోనే. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా మారింది, మొత్తం 4,000 క్యారెక్టర్లు. రిఫరెన్స్ కాలేజీ ట్యూటర్ రాస్తారు కాబట్టి మొదటి అసైన్‌మెంట్లు ఆలస్యం చేయొద్దు. యాక్సెస్ డిప్లొమా మొత్తం 60 క్రెడిట్లలో లెవల్ 3 (ఇంటర్ స్థాయి)లో గ్రేడ్ వచ్చే 45 క్రెడిట్లే లెక్క: అన్నీ డిస్టింక్షన్ అయితే 144 యూకాస్ పాయింట్లు, అన్నీ మెరిట్ అయితే 96, వట్టి పాస్ అయితే 48. యూనివర్సిటీ ఆఫర్ "30 డిస్టింక్షన్, 15 మెరిట్" అని వస్తే 128 పాయింట్లన్నమాట.

ఆఫర్ వచ్చాక డిగ్రీ ఫీజుకి స్టూడెంట్ ఫైనాన్స్‌లో మళ్లీ విడిగా అప్లై చేయాలి. ఇంగ్లండ్‌లో నర్సింగ్ చదివేవాళ్లలో అర్హులకి ఏటా 5,000 పౌండ్లు, తిరిగి కట్టక్కర్లేనివి, ఎన్‌హెచ్ఎస్ లెర్నింగ్ సపోర్ట్ ఫండ్ నుంచి వస్తాయి. అది కూడా అడిగితేనే వస్తుంది, ప్రతి ఏడాదీ కొత్తగా అప్లై చేయాలి.