బొమ్మ పోయిన టీవీ, కళ్లజోడు పెట్టుకున్న ఎలుగుబంటి

హనుమకొండ చౌరస్తా దగ్గర ఇరవై ఆరేళ్లు టీవీలు బాగుచేసి బతికినవాణ్ని. పిల్లలకు పుస్తకాలు అలవాటు చేసేది ఎలాగో నేను చెబితే మా వీధిలో నవ్వుతారు. అయినా అడుగుతున్నారు. రెండో తరగతి చదివే మా మనవరాలు భోజనం దగ్గర కూడా పుస్తకం వదలడం లేదు మరి. ఆ విషయంలో మా ఇంటావిడ తిట్లన్నీ నాకే.

ముందుగా ఒక మాట. టీవీని అటకెక్కించకండి. మా పక్కింటివాళ్లు పుస్తకాలు చదివించాలని కేబుల్ తీయించేశారు. పిల్లవాడు ఎదురింట్లో కూర్చుని చూసి వస్తున్నాడు. పుస్తకం చూస్తే మాత్రం వాడికి శిక్ష గుర్తొస్తోంది.

నాకు ఈ విద్య నేర్పింది కుమార్‌పల్లిలో ఒక ముసలమ్మ. డబ్బా టీవీల్లో బొమ్మను తెర పైనుంచి కింది దాకా సాగదీసే చిన్న భాగం ఒకటి ఉంటుంది, దాన్ని వర్టికల్ ఐసీ అంటాం. అది కాలిపోతే, 625 గీతలతో రావలసిన బొమ్మంతా కుంచించుకుపోయి తెర మధ్యలో ఒకే ఒక తెల్లని అడ్డగీత మిగిలేది. మాట మాత్రం శుభ్రంగా వినపడేది. ఆమె పది రోజులుగా ఆ గీత ముందు కూర్చుని సీరియల్ వింటోంది. నేను ఐసీ మారుస్తుంటే కథంతా చెప్పింది. కొత్త కోడలు సన్నగా ఉంటుందట, కనకాంబరం రంగు చీర కడుతుందట. ఆ కోడలు కథలోకి వచ్చింది సెట్టు పాడైన తరువాతే! బొమ్మ వచ్చాక రెండు నిమిషాలు చూసి, “ఈమె కాదు బిడ్డా, నా కోడలు వేరే” అంది. డబ్బులిచ్చింది కానీ ముఖంలో సంతోషం లేదు.

మనవరాలికి చదివి వినిపించేటప్పుడు నేను చేసేది ఆ ఐసీని కాసేపు పీకేయడమే. రాత్రి భోజనాలయ్యాక పావుగంట చాలు. బొమ్మల పుస్తకమైతే బొమ్మ మీద పాత క్యాలెండర్ కాగితం కప్పుతాను. పేజీ చదివాక, అందులో ఉన్నవాళ్లు ఎలా ఉంటారో ఆ కాగితం వెనక గీయమంటాను. ఆ తరువాతే అసలు బొమ్మ చూపిస్తాను. ఒకసారి ఎలుగుబంటికి కళ్లజోడు గీసింది. ఎందుకని అడిగాను.

“ముసలి ఎలుగుబంటి కదా తాతా, చూపు ఆనదు.”

కథలో ముసలిదని ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చూస్తే ‘తడుముకుంటూ నడిచింది’ అని ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని కళ్లజోడు దాకా వెళ్లింది. ఇలాంటప్పుడు దయచేసి దిద్దకండి.

చదువుతూ మధ్యలో ఆగి అడగాలి. నీతి ఏమిటని అడిగితే పిల్ల లేచిపోతుంది. తరువాత ఏమవుతుంది, నువ్వయితే ఏం చేస్తావు అని అడగండి. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వవేత్త బృందం 1988లో ఇదే పరీక్షించి చూసింది. రెండేళ్లు అటూ ఇటూగా ఉన్న పిల్లలకు తల్లిదండ్రులు ఇలా అడుగుతూ చదివి వినిపిస్తే, నెల రోజుల్లోనే మాటల్లో తేడా కనిపించింది.

కొత్త మాట వస్తే నిఘంటువు దాకా వెళ్లను. ఒక కథలో చెరువు ‘అలుగు’ పారింది. చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే ఆ చోటును మన వైపు మత్తడి అంటాం. వానాకాలంలో మా అత్తగారి ఊరు తీసుకెళ్లి మత్తడి దూకడం చూపించాను. కట్ట, తూము, శిఖం భూమి అన్న మాటలు కూడా వెంట వచ్చాయి. కార్టూన్ల డబ్బింగ్ తెలుగులో ఇవి ఎన్నాళ్లు చూసినా దొరకవు.

టీవీని కూడా పనిలో పెట్టవచ్చు. కార్టూన్ ఐదు నిమిషాలు మ్యూట్‌లో పెట్టి మాటలు పిల్లనే చెప్పమనండి. మా మనవరాలి మాటల్లో కార్టూన్ పిల్లి వరంగల్ స్టేషన్‌లో టీ అమ్మింది. పాటల కింద తెలుగు అక్షరాలు వచ్చే కార్యక్రమం ఉంటే అదే పెట్టండి. పాట ఏ భాషలో ఉంటే అక్షరాలూ అదే భాషలో వేస్తే చదవడం మెరుగవుతుందని ఐఐఎం అహ్మదాబాద్‌లో పనిచేసిన పరిశోధకుడు బ్రిజ్ కొఠారీ 1996 నుంచి చెబుతూ వస్తున్నారు. టీవీతో చేసేదంతా బడి ఈడు పిల్లలకే. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు తెర రోజుకు గంట దాటకూడదనీ, రెండేళ్లు నిండని వాళ్లకు అసలే వద్దనీ 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా చిన్న మనవడి విషయంలో అదే పాటిస్తున్నాం, వాడు ఏడ్చినా సరే.

పుస్తకాలకు పెద్దగా ఖర్చు లేదు. నేషనల్ బుక్ ట్రస్ట్, ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. హనుమకొండలో 1904లో పుట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఉంది. నా చిన్నప్పటి వేసవి సెలవులు అక్కడే గడిచాయి. ఒకేసారి పది పుస్తకాలు మాత్రం కొనకండి. నేను కొన్నాను, ఏడు అలాగే పడి ఉన్నాయి. ఒక్కటి చాలు, అదీ పిల్ల ఎంచుకున్నదే.

వరుసగా నాలుగో రాత్రి అదే పుస్తకం తెస్తే విసుక్కోకండి. అప్పటికి ఆమెకు కథ కంఠతా వచ్చేసి ఉంటుంది, మీరు ఒక వాక్యం మింగేస్తే పట్టేస్తుంది. మా మనవరాలు నిన్న నన్ను రెండుసార్లు పట్టుకుంది. మొదటిసారి నిజంగానే నిద్రమత్తులో దాటేశాను. రెండోసారి కావాలనే.